వీర్య పరీక్షకు వెళ్లే అబ్బాయికి పెదనాన్న ఉత్తరం

చిరంజీవికి ఆశీస్సులు.

పెళ్లయి ఏడాది దాటినా విశేషం లేదని కోడలిని ఒక్కదాన్నే పరీక్షలకు తిప్పుతున్నారట. ముందు నీ వీర్య పరీక్ష చేయించు. సూది లేదు, కోత లేదు. అమ్మాయికి ట్యూబుల్లోకి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీయకముందే నీ రిపోర్టు డాక్టరుగారి బల్ల మీద ఉండాలి.

ఇవాళ నువ్విచ్చే నమూనాలోని శుక్రకణాలు ఇవాళ్టివి కావు, నాయనా. వృషణం లోపల వందల కొద్దీ మెలికల గొట్టాలుంటాయి. వాటి గోడనంటి ఉన్న మాతృకణం విభజన చెంది, 46 క్రోమోజోములను 23 చేసుకుని, నాలుగు కణాలై, వాటికి తలా తోకా ఏర్పడేసరికి దాదాపు 70 రోజులు. అప్పటికీ వాటికి ఈత రాదు. వృషణం వెనక చుట్టగా ఉండే ఎపిడిడిమిస్‌ను సాగదీస్తే 6 మీటర్లు ఉంటుంది. అందులోంచి కొన్ని రోజులపాటు సాగి వచ్చాకే ఈదే బలం వస్తుంది. అంటే ఇది ఇంచుమించు మూడు నెలల పంట. రెండు నెలల కిందట వచ్చిన గట్టి జ్వరం ఇవాళ్టి లెక్కను పడగొట్టగలదు. ఇవాళ మానేసిన సిగరెట్టు ఫలితమూ మూడు నెలలకు గానీ తెలియదు.

ఈ పంటకు వేడి పడదు. వృషణాలు ఒంటి వేడికన్నా 2 నుంచి 4 డిగ్రీలు చల్లగా ఉండాలనే ప్రకృతి వాటిని బయట పెట్టింది. ఒళ్లో లాప్‌టాప్, బిగుతు లోదుస్తులు మానెయ్. ఎడమ వృషణం పైన రక్తనాళాలు ఉబ్బి, పట్టుకుంటే వానపాముల మూటలా తగిలితే దాన్ని వేరికోసిల్ అంటారు. ఎడమ వృషణం రక్తనాళం మూత్రపిండం రక్తనాళంలో నిలువుగా కలుస్తుంది కాబట్టి అటువైపే ఎక్కువ. ఇక జిమ్‌లో కండల కోసం ఎవరైనా టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ ఇస్తామంటే దండం పెట్టి వచ్చెయ్. బయటి నుంచి ఆ హార్మోను అందగానే, ఇక అవసరం లేదనుకుని మెదడు వృషణాలకు పంపే ఆదేశాలు ఆపేస్తుంది. కండ పెరుగుతుంది, కణాలు సున్నాకు పడిపోవచ్చు. ఇప్పటికే వాడి ఉంటే డాక్టరు దగ్గర దాచకు.

నమూనా ఇవ్వడంలోనే చాలామంది పొరపాటు చేస్తారు. కనీసం 2 రోజులు, 7 రోజులకు మించకుండా కలయికకు దూరంగా ఉండు. రెండు వారాలు ఆగితే సంఖ్య పెరగవచ్చు గానీ కదలని పాత కణాలూ పెరుగుతాయి. ల్యాబువాళ్లిచ్చిన డబ్బానే వాడు. సబ్బు, నూనె, ఉమ్మి, మామూలు కండోమ్ ఏదీ తగలకూడదు. ముఖ్యంగా మొదటి చుక్కలు జారిపోకూడదు, శుక్రకణాలు ఎక్కువగా ఉండేది వాటిలోనే. పోతే పోయిందని అక్కడే చెప్పు, మొహమాటపడితే నీ రిపోర్టే తప్పుగా వస్తుంది. ఇంట్లో ఇస్తే డబ్బాను చొక్కా లోపల ఒంటికి ఆనించి, అరగంటలో, మరీ ఆలస్యమైతే గంటలోపు అందించు. ఫ్రిజ్, ఐస్ వద్దు. ఇచ్చిన సమయం డబ్బా మీద రాయించు.

రిపోర్టులో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కనీస అంకెలతో పోల్చు: పరిమాణం 1.4 మి.లీ., మి.లీ.కి 1.6 కోట్ల కణాలు, కదిలేవి 42 శాతం, ముందుకు ఈదేవి 30 శాతం, సరైన ఆకారం ఉన్నవి 4 శాతం. ఆ 4 చూసి కంగారుపడకు, పిల్లల్ని కన్నవాళ్లలోనూ వంకర కణాలే ఎక్కువ. ఏడాదిలోపు భార్య గర్భవతి అయిన మగవాళ్లలో నూటికి 95 మంది ఉండే హద్దులివి. కిందకొస్తే పిల్లలు పుట్టరని కాదు. ఒక్క రిపోర్టుతో ఏదీ తేల్చరు, రెండోది తప్పదు. సున్నా అని వస్తే, నమూనాను సెంట్రిఫ్యూజ్ అనే గిర్రున తిప్పే యంత్రంలో తిప్పి అడుగు పదార్థం చూశారా అని అడుగు. సున్నాతో పాటు పరిమాణం కూడా బాగా తక్కువైతే కణాలు వచ్చే దారి మూసుకుపోయిందేమో చూడాలి.

అమ్మాయి సంగతి వేరు. ఆమె అండకణాలన్నీ ఆమె తల్లి కడుపులో ఉండగానే ఏర్పడ్డాయి. పుట్టేనాటికి 10 నుంచి 20 లక్షలు, రజస్వల అయ్యేనాటికి 3, 4 లక్షలు, కొత్తవి రావు. తల్లి కడుపులో ఉండగా మొదలై ఆగిన విభజన అండం విడుదలకు కాస్త ముందు కదులుతుంది, శుక్రకణం లోపలికి వెళ్లాకే పూర్తవుతుంది. అన్నేళ్లు ఆగినందువల్లే వయసు పెరిగేకొద్దీ క్రోమోజోముల పంపకంలో తప్పులు పెరుగుతాయి. 35 దాటితే ఏడాది కాదు, ఆరు నెలలకే డాక్టరును కలవాలి.

విడుదలైన అండం ఒక్కరోజే బతుకుతుంది. మీ కణాలు లోపల 5 రోజుల వరకూ ఉండగలవు. నెలసరి 32 రోజులకొస్తుంటే అందులోంచి 14 తీసెయ్, అండం విడుదల ఇంచుమించు 18వ రోజు. 13 నుంచి 18 దాకా రోజు విడిచి రోజు కలవండి. 14వ రోజే అని పట్టుకుంటే ఆమె విషయంలో తొందరపడ్డట్టే. ఆమె ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు ఇప్పటినుంచే మొదలుపెట్టవచ్చు, డాక్టరుతో ఒక మాట చెప్పి.

గత మూడు నెలల్లో వచ్చిన జ్వరాలు, వాడిన మందులు, యుక్తవయసులో గవదబిళ్లలు వచ్చాయా అన్నది అమ్మను అడిగి, ఒక కాగితం మీద రాసుకుని వెళ్లు. రిపోర్టు రాగానే అన్ని పేజీలూ ఫొటో తీసి పంపు.

మీ పెదనాన్న