విజయం మీద చెస్టర్టన్ వాదన ఎలా నడిచింది?

ప్రశ్న: ఇంగ్లిష్ రచయిత జి.కె. చెస్టర్టన్ రాసిన 'ది ఫాలసీ ఆఫ్ సక్సెస్' వ్యాసంలో వాదన ఎలా పెరుగుతూ వచ్చిందో విశ్లేషించమన్నారు. ఎన్నిసార్లు రాసినా సారాంశంలాగే తయారవుతోంది, టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: ఆయన ఏమన్నాడో రాస్తే సారాంశమే అవుతుందండీ. ఆ మాట అక్కడే ఎందుకన్నాడు, దాన్ని తీసేస్తే తర్వాతి మాట నిలబడుతుందా అని పేరా పేరాకీ అడుగుతూ వెళ్లండి.

1908లో 'ఆల్ థింగ్స్ కన్సిడర్డ్' సంపుటిలో వచ్చిన ఈ వ్యాసం, పైకి రావడం ఎలాగో నేర్పుతామనే పుస్తకాల మీద దాడి. ముందు 'సక్సెస్' అన్న మాటలోని గాలి తీసేస్తాడు: కోటీశ్వరుడు కోటీశ్వరుడిగా ఉండటంలో సక్సెస్ అయ్యాడు, గాడిద గాడిదగా ఉండటంలో. దేంట్లో అని చెప్పకపోతే విజయం అన్న మాటకి అర్థమే లేదన్నమాట. ఇది ఒప్పుకున్నాకే రెండో అడుగు: ఏ పనిలోనైనా నెగ్గడానికి రెండే దారులు, బాగా చేయడం లేదా మోసం చేయడం. హైజంప్‌లో అందరికంటే ఎత్తు ఎగరాలి, లేదా ఎగిరినట్టు ఎలాగోలా నమ్మించాలి. పేకాటలోనూ అంతే, బాగా ఆడాలి, లేదా మోసం చేయాలి. మరి సక్సెస్ పుస్తకం చెప్పడానికి ఇంకేం మిగిలింది?

అసలు మలుపు తర్వాత వస్తుంది. అమెరికా కోటీశ్వరుడు వాండర్‌బిల్ట్‌ని పొగిడే ఒక రచనలోంచి వాక్యాలు తెచ్చి, అందులో గ్రీకు కథల్లోని మిడాస్ రాజుని, అంటే ముట్టుకున్నదల్లా బంగారమయ్యే వరం పొందినవాణ్ణి, గొప్పగా చూపించడాన్ని పట్టుకుంటాడు. ముట్టుకున్న తిండి కూడా బంగారమైపోయి ఆకలితో మాడిన మిడాస్ ఓడిపోయినవాడు కదా అంటాడు. ఎదుటివాళ్లు తెచ్చిన సాక్షి చేతే తనకి సాక్ష్యం చెప్పించుకున్నాడు! అప్పటిదాకా ఈ పుస్తకాల్లో సరుకు లేదన్నది, ఇక్కడి నుంచి ఇవి డబ్బుని పూజించడం నేర్పుతాయి, మనుషుల్ని చెడగొడతాయి అన్న ఆరోపణగా మారుతుంది. మీ జవాబులో ఎక్కువ చోటు దీనికే ఇవ్వండి, ఎందుకంటే వాదన పెరగడం అంటే ఇదే.

"రెండే దారులు" అన్నచోట మాత్రం ఆయన్ని నిలదీయండి. వారసత్వం, అదృష్టం, పరిచయాలు ఎటు పోయాయి? ఆ వాదన అంత గట్టిగా అనిపించడానికి కారణం ఆయన హైజంప్‌నీ పేకాటనీ ఎంచుకోవడమే, వాటిలో నియమాలు అందరికీ ముందే తెలుసు, గెలుపు ఏమిటో కూడా తెలుసు. వ్యాపారంలో అదంత తేలిగ్గా తేలదు. ఇది రాస్తే మార్కులు పోతాయేమోనని భయపడకండి, నా దృష్టిలో మంచి విశ్లేషణకి ఇదే గుర్తు.

హాస్యం మీద వేరే పేరా అక్కర్లేదు. గాడిద ఉదాహరణ దగ్గరే, ఆ నవ్వు ఒక నిర్వచనాన్ని ఎలా పడగొట్టిందో రెండు వాక్యాల్లో చెప్పేయండి.