యాభై దాటాక ఫోన్‌లో ఇంటర్నెట్ నేర్చుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి, కోచింగ్ అవసరమా?

నాకైతే కోచింగ్ అక్కర్లేకపోయిందండి. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు, కొబ్బరి తోట, కాస్త వరి. 54 ఏళ్లు వచ్చేదాకా నాకు వచ్చిందల్లా ఫోన్ ఎత్తడం, వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ బొమ్మలు చూడటం.

పాఠాల జోలికి పోకుండా, మీకు నిజంగా కావాల్సిన పని ఒకటి పట్టుకోండి. నాకది అడంగల్, అంటే పొలం ఎవరిది, ఏ పంట వేశారో చూపే రెవెన్యూ కాగితం. ప్రభుత్వ భూమి రికార్డుల సైట్ మీభూమిలో అడంగల్, 1-బి (భూమి హక్కుల కాగితం) మనమే చూసుకోవచ్చని తెలుసు. కానీ అడిగిన ప్రతిసారీ మా అబ్బాయి "ఇలా ఇవ్వు నాన్నా" అని ఫోన్ లాక్కుని, నిమిషంలో తీసి చేతిలో పెట్టేవాడు. ఇక నాకేం వస్తుంది? ఒకరోజు "చేతులు కట్టుకుని కూర్చో, నోటితో మాత్రం చెప్పు" అన్నాను. గంటన్నర పట్టింది. జిల్లా, మండలం, ఊరు, సర్వే నంబరు దాకా బాగానే నడిచింది. తర్వాత వంకర అక్షరాల బొమ్మ చూపించి, అందులో ఉన్నది కొట్టమంది. మనిషో మెషీనో తేల్చుకోవడానికట. నాలుగుసార్లు తప్పంది. నా మీద నాకే అనుమానం వచ్చింది.

కొబ్బరి పని చేసిన వేళ్లు మొద్దుబారి ఉంటాయి కదా, ఒక అక్షరం నొక్కితే పక్కది పడేది. కీబోర్డులో తెలుగు పెట్టించుకుని, మైకు గుర్తు నొక్కి మాట్లాడటం అలవాటయ్యాకే హాయి. కొబ్బరాకుల అడుగున తెల్లగా, పైన మసి పట్టినట్టు ఉంటోందని అలాగే అడిగాను. అది రుగోస్ తెల్లదోమ అనీ, దాన్ని తినే మిత్ర పురుగుల్ని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలోనే పెంచుతారనీ వచ్చింది. రోజూ తిరిగే ఊళ్లో సంగతి ఫోన్ చెబితే గానీ తెలియలేదు!

ఒక దెబ్బ కూడా తిన్నాను. ఒకసారి వెతికితే అన్నిటికన్నా పైన వచ్చిందే అసలు సైట్ అనుకుని నొక్కి, అడంగల్ కోసం 150 రూపాయలు కట్టాను. డబ్బు పోయింది, కాగితం రాలేదు. పైన 'స్పాన్సర్డ్' అని చిన్నగా ఉంటే అది ప్రకటన. ప్రభుత్వ సైట్ అయితే అడ్రస్‌లో సైట్ పేరు చివర 'గవ్ డాట్ ఇన్' ఉందో లేదో చూడండి. ఫోన్‌పే లాంటివి వాడితే ఒక్కటి గుర్తుంచుకోండి: మనకు డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు, కొట్టమన్నాడంటే వాడు దొంగే. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

మీకు ముందు ఏ పని కావాలో చెప్పండి. కరెంటు బిల్లు కట్టడమైతే నేను చెప్పగలను. రైలు టికెట్ మాత్రం ఇప్పటికీ మా అబ్బాయే తీస్తాడండి.