బోర్డింగ్ స్కూల్ ఇంటర్వ్యూకి కోచింగ్ ఇప్పించాలా? మా ఇద్దరు పిల్లల అనుభవం

మీ బాబు ఐదో తరగతి అని, వచ్చే ఏడాది బోర్డింగ్ స్కూల్లో ఆరో తరగతికి వేద్దామనుకుంటున్నామని, ఇంటర్వ్యూని ఎంతవరకు లెక్కలోకి తీసుకుంటారు, కోచింగ్ అవసరమా అని అడిగారు. మాది అనంతపురం. మా ఇద్దరు పిల్లలూ ఇప్పుడు హాస్టళ్లలోనే చదువుతున్నారు. పెద్దవాడికి ఇంటర్వ్యూ దగ్గరే ఒక సీటు పోయింది కాబట్టి ఈ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

ముందు మీరు అప్లై చేసే స్కూల్లో అసలు ఇంటర్వ్యూ ఉందో లేదో చూసుకోండి. నవోదయలో లేదు. ఆరో తరగతికి 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటల పరీక్ష. అందులో వచ్చిన మార్కులతోనే సీటు. సైనిక్ స్కూళ్లకూ ఇప్పుడు లేదు. 300 మార్కుల రాతపరీక్ష, ఆ తర్వాత మెడికల్. ఆ 300లో సగం, అంటే 150 మార్కులు, లెక్కలవే. కోరుకొండ సైనిక్ స్కూల్లో ఎప్పుడో చదువుకున్న పెద్దవాళ్లు ఇంటర్వ్యూ గురించి కథలుగా చెప్తారు. అప్పట్లో ఉండేది, నిజమే. ఆ మాటలు విని ఇప్పుడు పిల్లాడి చేత లెక్కలు మాన్పించి ఇంగ్లిష్‌లో పరిచయం బట్టీ పట్టించకండి.

ఇంటర్వ్యూకి కచ్చితంగా ఇన్ని మార్కులు అని నాకు తెలిసి ఉన్నది డెహ్రాడూన్‌లోని రాష్ట్రీయ ఇండియన్ మిలిటరీ కాలేజీలో. అది ఎనిమిదో తరగతి ప్రవేశం కాబట్టి మీకు ఇంకా టైం ఉంది. రాతపరీక్ష 400 మార్కులు, మౌఖిక పరీక్ష 50. చూడ్డానికి 50 చిన్నదే. కానీ ప్రతి పేపర్‌లోనూ, మౌఖికంలోనూ విడివిడిగా సగం మార్కులు రావాలి. లెక్కల్లో ఎంత బాగా రాసినా ఇంటర్వ్యూలో 25 రాకపోతే అంతే.

అసలు కష్టం ప్రైవేట్ బోర్డింగ్ స్కూళ్లతోనే. ఇంటర్వ్యూ అనరు, ‘ఇంటరాక్షన్’ అంటారు. దానికి మార్కులెన్నో చెప్పరు. నిజానికి 2009 విద్యా హక్కు చట్టం సెక్షన్ 13 ప్రకారం ఎనిమిదో తరగతి వరకు పిల్లల్నిగానీ తల్లిదండ్రుల్నిగానీ వడపోసి సీటివ్వకూడదు. మొదటి తప్పుకి 25,000 రూపాయల దాకా జరిమానా కూడా ఉంది. అయినా పిలుస్తూనే ఉన్నారు, మనం వెళ్తూనే ఉన్నాం. నాకు ఇది బాధగానే ఉంటుంది.

మావాడిని బెంగళూరు వైపు ఒక స్కూల్‌కి తీసుకెళ్లాం. అంతకుముందు రెండు నెలలు ఒకాయన దగ్గర ఇంటర్వ్యూ కోచింగ్ ఇప్పించాం. ‘మై ఎయిమ్ ఈజ్ టు బికమ్ యాన్ ఐఏఎస్ ఆఫీసర్’ అని మొదలుపెడితే ఆపకుండా అప్పజెప్పేవాడు. రాతపరీక్ష కూడా బాగానే రాశాడు. లోపల ఇద్దరు టీచర్లున్నారు. మావాడు చెప్పిందంతా విని, అందులో ఒకావిడ తెలుగులో మెల్లగా అడిగింది, “రాత్రి నిద్ర పట్టకపోతే ఏం చేస్తావు నాన్నా?” వాడు నా మొహం చూశాడు. నేను వెంటనే, “వాడికి ఆ ఇబ్బందే లేదండీ, పడుకోగానే నిద్రపోతాడు” అన్నాను. ఆవిడ వాడినే చూస్తూ ఉంది. వాడు తల వంచుకుని చొక్కా అంచు నలుపుతున్నాడు. అసలు విషయం ఏంటంటే, వాడు అప్పటికీ మా అత్తగారి చీర కొంగు చేతికి చుట్టుకుంటేగానీ పడుకోడు.

సీటు రాలేదు. చాలా రోజులు ఆ టీచర్ మీద కోపంగా ఉన్నాను. అదే సంవత్సరం కలికిరి సైనిక్ స్కూల్లో మార్కుల మీద సీటొచ్చింది, చేర్పించాం. మొదటి నెల ఫోన్ చేసినప్పుడల్లా ఏడుపే. “జేజి చీర పంపమ్మా” అనేవాడు. మా అత్తగారు పాత చీర చింపి దిండు గలీబు కుట్టి పంపించారు. అప్పుడర్థమైంది, ఆ టీచర్ అడిగింది ఎంత అవసరమైన ప్రశ్నో. దానికి వాడు జవాబు చెప్పనీకుండా అడ్డం పడింది నేను. మార్కులు ఎన్నొచ్చాయో పేపర్ చూస్తే తెలుస్తుంది. ఇల్లు వదిలి ఉండగలడా, ఉండాలని వాడికే ఉందా అనేది మాట్లాడితేగానీ తెలియదు. నాకు తెలిసినంతలో ఇంటరాక్షన్‌లో ముఖ్యంగా చూసేది అదే.

రెండేళ్ల తర్వాత పాపని వేరే స్కూల్‌కి తీసుకెళ్లినప్పుడు కోచింగ్ జోలికి పోలేదు. రాతపరీక్ష ఓ మోస్తరుగా రాసింది. ఇంట్లో ఏ పని ఇష్టం అని అడిగితే మా చీనీ (బత్తాయి) తోటలో డ్రిప్పు గురించి మొదలుపెట్టింది. ఏ చెట్టు కింద మట్టి పొడిగా ఉందో చూసుకుంటూ పోవడం, అక్కడ డ్రిప్పర్ పీకి ఊదడం, ఉప్పు గట్టిగా పట్టుంటే పిన్నుతో గీకడం. సగం తెలుగు, సగం ఇంగ్లిష్. వాళ్లు మధ్యలో ఇంకా ఇంకా అడుగుతున్నారు. ఇక్కడ నచ్చనిది ఏమైనా ఉందా అంటే “సాంబార్ తియ్యగా ఉంది” అనేసింది. నా గుండె ఆగినంత పనైంది. నోరు మాత్రం తెరవలేదు. సీటొచ్చింది.

మమ్మల్ని కూడా విడిగా కూర్చోబెట్టి అడిగారు, పాపని హాస్టల్‌కి పంపాలని ముందుగా ఎవరికి అనిపించింది అని. పెద్దవాడి ఇంటరాక్షన్‌లో ఇదే ప్రశ్నకి మా ఆయన ఒకటి, నేనొకటి చెప్పాం. అందుకే ఈసారి వెళ్లేముందు ఇద్దరం కూర్చుని నిజంగా మాట్లాడుకున్నాం. మీరూ మాట్లాడుకోండి. జవాబు కలవడం కోసమని కాదు, మీ ఇద్దరిలో ఒకరికి ఇష్టం లేకపోతే పిల్లాడికి అది ముందే తెలిసిపోతుంది.

కోచింగ్‌కి డబ్బులు పెట్టకండి. లోపల తెలిసినవాళ్లున్నారు, సీటు ఇప్పిస్తాం అనేవాళ్లకి అసలే ఇవ్వకండి. రాతపరీక్ష ఉన్నచోట రోజూ లెక్కలు చేయించండి. ఈ సెలవుల్లో మీ బాబుని ఒక్కడినే వారం రోజులు అమ్మమ్మగారింటికో పిన్ని వాళ్లింటికో పంపండి. బట్టలు వాడే ఉతుక్కోవాలి, పక్క వాడే వేసుకోవాలి. తిరిగొచ్చాక ఎలా ఉందిరా అని అడగండి. వాడు చెప్పేదాకా మధ్యలో మీరు మాట్లాడకండి.