రేటు జోలికి పోకముందు రిజిస్టరు తెరువు

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. మున్సిపల్ కమిషనరుగా నీకు పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ చెప్పింది. ఊరు చిన్నదే కానీ ఆస్తి పన్ను పెంచమని పైనుంచి వచ్చే ఒత్తిడి చిన్నగా ఉండదు. 2021-26 కాలానికి పట్టణాలకిచ్చే కేంద్ర గ్రాంట్లకు 15వ ఆర్థిక సంఘం ఆస్తి పన్ను విషయంలో రెండు షరతులు పెట్టింది. మొదటిది, 2021-22లో ఆస్తి పన్నుకు కనీస రేట్లు నోటిఫై చెయ్యాలి. రెండోది, ఆ తర్వాత ఏటా వసూళ్ల పెరుగుదల రాష్ట్ర స్థూల ఉత్పత్తి ఐదేళ్ల సగటు వృద్ధికి తగ్గకూడదు. అంటే నీ ఊరి ఇంటి పన్ను తగ్గితే ఢిల్లీ నుంచి రావలసిన డబ్బుకూ గండి పడేది. అందుకే సమీక్షల్లో అందరూ రేటు గురించే అడుగుతారు. నువ్వు మాత్రం ఆర్నెల్లపాటు ఆ మాట ఎత్తకు.

ఎందుకో ఒక చిన్న లెక్కతో చెబుతాను. ఊళ్లో పన్ను కట్టాల్సిన ప్రతి వంద కట్టడాల్లో 70 పన్ను రిజిస్టరులో ఉన్నాయనుకో. ఉన్నవాటికి అసలు విలువలో 60 శాతమే లెక్కకట్టారనుకో. వేసిన డిమాండులో, అంటే కట్టమని లెక్కకట్టిన పన్నులో, 65 శాతం వసూలవుతోందనుకో. మూడూ గుణించు: రావలసిన వంద రూపాయల్లో చేతికొచ్చేది 27 రూపాయల చిల్లర. మూడింటినీ తలా పది పాయింట్లు పెంచితే, అంటే 80, 70, 75 చేస్తే, 42 అవుతుంది. రేటులో పైసా మారలేదు, రాబడి సగానికి పైగా పెరిగింది. రేటు పెంచితే ఆ భారం పడేది ఇప్పటికే రిజిస్టరులో ఉండి, ఏటా కడుతున్నవాడి మీద. కట్టనివాడికి దానివల్ల నష్టమేమీ లేదు.

అందుకని రిజిస్టరుతో మొదలుపెట్టు. విద్యుత్ పంపిణీ సంస్థ ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజనీరుని, కలిసి పట్టణంలోని సర్వీసుల, అంటే కరెంటు కనెక్షన్ల, జాబితా అడుగు. సర్వీసు నంబరు, పేరు, చిరునామా, కేటగిరీ, లోడు, ఈ ఐదు కాలమ్స్ చాలు. కేటగిరీ 1 ఇళ్లు, కేటగిరీ 2 వ్యాపారం. దీన్ని నీ అసెస్‌మెంట్ల, అంటే పన్ను వేసిన ఆస్తుల, జాబితా పక్కన పెట్టి వీధివారీగా కలుపుకుంటూ పో. మూడు రకాల తేడాలు బయటపడతాయి. మీటరుంది, అసెస్‌మెంట్ నంబరు లేదు. ఒకే అసెస్‌మెంట్, నాలుగు మీటర్లు: కింద వాటా మాత్రమే లెక్కకెక్కి, పై రెండంతస్తులు గాల్లో ఉన్నాయన్నమాట. మూడోది, రిజిస్టరులో నివాసం అని ఉంటుంది, మీటరు కేటగిరీ 2. మూడోరకంలోనే డబ్బెక్కువ, ఎందుకంటే నివాసానికీ వ్యాపారానికీ రేటు తేడా బాగా ఉంటుంది.

కానీ జాబితా చూసి నోటీసులివ్వకు. అన్నదమ్ములు పంచుకుంటే ఒకే ఇంటికి రెండు మీటర్లుంటాయి, బోరు మోటారుకు విడిగా ఉంటుంది. ఇంటి మీటరు మీదే క్లినిక్ నడిపేవాళ్లూ ఉంటారు, వాళ్లు ఈ జాబితాలో దొరకరు. జాబితా ఎటు వెళ్లాలో చెబుతుంది, అంతే. వెళ్లి టేపు పెట్టి కొలవాల్సిందే.

కొలతలకు ఇద్దరిని పంపు, అందులో ఆ వార్డులో పన్ను వసూలు చేసే మనిషి ఉండకూడదు. పక్క వార్డు అడ్మినిస్ట్రేటివ్ సెక్రటరీనీ, ఈ వార్డు ప్లానింగ్ సెక్రటరీనీ జత కలుపు. అంతస్తు వారీగా బయటి కొలతలు తీసుకుని, కాగితం మీద చిన్న పటం గీసి, పొడవు వెడల్పులు దాని మీదే రాసి, యజమాని చేత సంతకం పెట్టించమను. స్లాబా రేకులా, సొంతమా అద్దెకా, ఎప్పుడు కట్టారు, దేనికి వాడుతున్నారు, ఇవన్నీ అక్కడికక్కడే నింపాలి. ఆఫీసుకొచ్చాక గుర్తు తెచ్చుకుని నింపిన ఫారాలు అప్పీళ్లలో నిలబడవు. ఒక బృందం రోజుకు ఇరవై ఇళ్లకు మించి తెచ్చిందంటే అనుమానించు. టేపు విప్పకుండా ప్లాను కాగితం చూసి అంకెలు ఎత్తి రాసి ఉంటారు. ప్లానులో రెండంతస్తులు, నేల మీద మూడున్నర, మన ఊళ్లలో అది మామూలే కదా. ప్రతి బృందం పనిలో నూటికి ఐదు ఇళ్లు నువ్వే వెళ్లి మళ్లీ కొలిపించు. ఏవి కొలుస్తావో ముందుగా తెలియనివ్వకు.

అనుమతి లేని కట్టడమని అసెస్‌మెంట్ ఆపకు. చట్టం వాటి మీద అసలు పన్నుకు అదనంగా 25 నుంచి 100 శాతం దాకా జరిమానా వేసే వీలిచ్చింది. అయితే పన్ను రసీదు చూపించి ఇల్లు క్రమబద్ధమైపోయిందని అనుకునేవాళ్లు ఉంటారు. రసీదు యాజమాన్య హక్కుకు రుజువు కాదనీ, అనుమతి కిందకు రాదనీ నోటీసు మీదే అచ్చు వేయించు.

ఇక విలువ సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ 1 నుంచి పన్ను లెక్కకు వార్షిక అద్దె విలువ పోయి మూలధన విలువ, అంటే స్థలం, కట్టడం కలిపిన విలువ, వచ్చింది. నివాసాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం, నివాసేతరాలకు 0.20 నుంచి 2 శాతం పరిధిలో రేటు కౌన్సిల్ నిర్ణయిస్తుంది. సొంతంగా ఉంటున్న 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి 50 రూపాయలే. ఏ ఏడాదైనా పాత పన్ను మీద 15 శాతానికి మించి పెరగకూడదని కట్టడి కూడా ఉంది. జనం భయపడేది ఇక్కడే. ఒక ఇంటి స్థలం, కట్టడం విలువ కలిపి 18,60,000 వచ్చిందనుకో. 0.12 శాతం చొప్పున పన్ను 2,232. పాత పన్ను 1,200. నోటీసులో 2,232 పెద్దక్షరాల్లో కనబడితే ఆ మనిషి మర్నాడు పొద్దున్నే కౌన్సిలరు గుమ్మంలో ఉంటాడు. నిజానికి అతను ఈ ఏడాది కట్టేది 1,380. వచ్చే ఏడాది 1,587, ఆ తర్వాత 1,825, తర్వాత 2,099, ఐదో ఏటికి గానీ 2,232 కాదు. ఈ ఏడాది కట్టాల్సిన అంకెను పైన పెద్దగా, పూర్తి విలువ మీద లెక్కను కింద చిన్నగా వేయించు. నాలుగు వరసల పట్టిక ఒకటి దానికి తోడైతే సగం గొడవ తగ్గుతుంది.

ఈ కట్టడిలో ఒక చిక్కుంది. 15 శాతం హద్దు పాత పన్ను ఉన్నవాళ్లకే. పక్కపక్కనే ఒకేలాంటి ఇళ్లు, పాతదానికి 1,380, కొత్తగా ఎక్కించినదానికి మొదటి రోజునుంచే 2,232. కొత్తవాడు వచ్చి ఇదేం న్యాయమని అడుగుతాడు. అడగడంలో తప్పేమీ లేదు. నీ దగ్గర సమాధానం సిద్ధంగా ఉండాలి: ఏడాదికేడాది తేడా తగ్గి ఐదో ఏటికి ఇద్దరిదీ ఒకటవుతుంది. వింటాడు, కాకపోతే మెచ్చుకోడు.

బకాయిల జోలికి వెళ్తే ముందు డీసీబీ, అంటే డిమాండు, వసూలు, నిల్వ లెక్క, చూడు. అందులోని బకాయిల అంకెను నమ్మకు. కూల్చేసిన ఇళ్లు, ఒకే ఇంటికి రెండు నంబర్లు, చనిపోయిన తాతగారి పేరు మీద ఒకటి, మనవడి పేరు మీద ఇంకోటి, మినహాయింపు ఉన్న గుడులు, మసీదులు, ఇవన్నీ డిమాండులో పేరుకుని ఉంటాయి. నెలకు 2 శాతం వడ్డీ చొప్పున ఏడాదికి 24 శాతం పెరుగుతూ పోతుంది కాబట్టి, పదేళ్ల కిందటి దొంగ డిమాండు ఇప్పుడు కొండంత. బకాయిలన్నీ నాలుగు కుప్పలు చెయ్యి: లేని ఆస్తులు, కోర్టులో ఉన్నవి, ప్రభుత్వ కార్యాలయాలు, నిజంగా ఇవ్వాల్సినవాళ్లు. మొదటి కుప్పను ఫైలు పెట్టి రద్దు చేయించు. ఏ అధికారీ చేయడు, తన హయాంలో బకాయి తగ్గించాడన్న మాట ఎందుకని. నువ్వు చెయ్యి. చివరి కుప్పలో పెద్ద వంద పేర్లు రాసుకో, బకాయి మొత్తంలో పెద్ద వాటా వాళ్లదే అయి ఉంటుంది.

కేంద్ర ప్రభుత్వ భవనాలకు, అంటే పోస్టాఫీసు, రైల్వే క్వార్టర్ల లాంటివాటికి, రాజ్యాంగం 285వ అధికరణం ప్రకారం ఆస్తి పన్ను వేయలేవు. పన్ను పేరుతో బిల్లు పంపితే జవాబే రాదు. రాజ్‌కోట్ కార్పొరేషన్ కేసులో 2009లో సుప్రీంకోర్టు ముందు కుదిరిన ఏర్పాటు ప్రకారం సర్వీసు ఛార్జీలు అడుగు. నువ్వు ఇస్తున్న సేవలను బట్టి ఆస్తి పన్నులో 75, 50, లేదా మూడోవంతు. పన్ను అనే బదులు సర్వీసు ఛార్జీ అంటే డబ్బు వస్తుంది.

బిల్లులు ఏప్రిల్ మొదటి వారానికే ఇళ్లకు చేరాలి. నెలాఖరులోపు ఏడాది మొత్తం కట్టినవాళ్లకు 5 శాతం రాయితీ ఉందని బిల్లు మీద ఎర్ర సిరాతో వేయించు. చాలా ఊళ్లలో బిల్లు జూన్‌లో చేరుతుంది, రాయితీ ఎవరికీ దక్కదు, మార్చిలో హడావిడి. ఆ హడావిడిలో దుకాణం ముందు చెత్త పోయడం, గేటుకు తాళం వేయడం లాంటి పనులు జరుగుతాయి. ఒక్క ఫోటో బయటికొస్తే ఆ ఏడాది వసూళ్లు ఆగినట్టే. బిల్లు, డిమాండు నోటీసు, జప్తు వారంటు, ఈ వరుస తప్పకు. ప్రతి మెట్టులోనూ అందినట్టు సంతకం దాచుకో.

వడ్డీ మాఫీ కావాలని నువ్వు మాత్రం పైకి రాయకు. హైదరాబాద్‌లో 2020లో 90 శాతం వడ్డీ మాఫీ ఇచ్చారు. 2022లో మళ్లీ, 2024లో మళ్లీ. వచ్చేసారి దాకా ఆగుదామని ఎవరైనా అనుకోరా మరి?

ఎక్కువ తెచ్చిన సిబ్బందికి కమీషన్ ఇద్దామని ఎవరైనా సలహా ఇస్తారు. పాకిస్తాన్ పంజాబ్‌లో ఆస్తి పన్ను సిబ్బందికి అలా ఇచ్చి చూశారు. వసూళ్లు బాగా పెరిగాయి, పన్ను తగ్గించి చూపడానికి పుచ్చుకునే లంచాలూ పెరిగాయి. ఇవ్వాలనుకుంటే కొలతలు నిజమని తేలినవాటికే ఇవ్వు. సియెరా లియోన్ రాజధాని ఫ్రీటౌన్‌ వాళ్లు ఉపగ్రహ చిత్రాలతో లెక్క తీసి, 57,000 ఆస్తులున్న జాబితాను 1,20,000 దాటించారు. పైకప్పు, కిటికీలు, చోటు లాంటి బయటికి కనపడే లక్షణాలకు పాయింట్లిచ్చి విలువ కట్టారు. ఇంటాయన తన ఎదుటింటి పాయింట్లు తనే లెక్కపెట్టుకోవచ్చు. ఆ మాట నాకు నచ్చింది. నీ వీధుల జాబితా కూడా వార్డు సచివాలయం గోడకి అంటించు, ఇంటి నంబరు, విస్తీర్ణం, వాడకం, పన్ను. జాబితాలో లేని ఇంటి సంగతి ఎదుటింటివాళ్లే వచ్చి చెబుతారు.

ఏఈకి ఉత్తరం ఈ వారమే రాయి. సర్వీసుల జాబితా చేతికి రావడానికి నెల పట్టినా ఆశ్చర్యపోకు, ఈలోపు టేపులు కొనిపించు. ముప్ఫై మీటర్లవి, బట్టవి వద్దు, లాగితే సాగుతాయి.

మీ అమ్మను అడిగానని చెప్పు.

మామయ్య