ప్రోగ్రామ్ నడుస్తోంది, లాగ్ మాత్రం ఖాళీ

ప్రశ్న: జావా నేర్చుకుంటున్నాను. కాఫ్కా (ప్రోగ్రామ్‌ల మధ్య మెసేజ్‌లు చేరవేసే సాఫ్ట్‌వేర్)లోని ఒక టాపిక్‌లోకి, అంటే ఒక పేరున్న మెసేజ్‌ల వరుసలోకి, వచ్చే మెసేజ్‌లను అందుకుని లాగ్ ఫైల్లో రాసే చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఎర్రర్ ఏమీ రావడం లేదు, ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంది. కానీ ముందే పంపి ఉంచిన 20 మెసేజ్‌లలో ఒక్కటీ లాగ్‌లో పడలేదు. రెండు రోజులుగా ఇదే టెన్షన్. తప్పు ఎక్కడ జరిగింది?

జవాబు: 'ముందే పంపి ఉంచిన' అన్నారు చూడండి, చిక్కు అక్కడే ఉందనుకుంటున్నాను. మీ ప్రోగ్రామ్‌లా మెసేజ్‌లు చదివేదాన్ని కన్స్యూమర్ అంటారు, అది ఏ గ్రూప్ పేరుతో చదువుతుందో అదే గ్రూప్ ఐడీ. కొత్త గ్రూప్ ఐడీతో చేరిన కన్స్యూమర్ ఎక్కడి నుంచి చదవాలో కాఫ్కా దగ్గర గుర్తేమీ ఉండదు. అప్పుడు 'ఆటో ఆఫ్‌సెట్ రీసెట్' సెట్టింగ్‌ను బట్టి నడుచుకుంటుంది. మనం ఏమీ రాయకపోతే అది 'లేటెస్ట్'. అంటే ఇకమీదట వచ్చేవే అందుతాయి, పాతవి అందవు. దాన్ని 'ఎర్లియస్ట్' చేయండి.

అదొక్కటే మారిస్తే చాలదు. ఆటో కమిట్‌ను మనం ఆపకపోతే ఆన్‌లోనే ఉంటుంది, 5 సెకన్లకోసారి చదివిన చోటును గుర్తు పెట్టేస్తుంది. రెండు రోజులుగా నడుపుతున్నారు కాబట్టి మీ గ్రూప్ పేరు మీద ఆ గుర్తు పడిపోయి ఉంటుంది. గుర్తు ఉన్నంతకాలం కాఫ్కా 'ఎర్లియస్ట్' మాట పట్టించుకోదు. అందుకని ఈ ఒక్కసారికి గ్రూప్ ఐడీ కూడా కొత్తది పెట్టండి.

అప్పటికీ ఏమీ రాకపోతే లాగర్‌ని చూడండి. ఎస్ఎల్ఎఫ్4జే (లాగ్ రాయమని చెప్పే పైపొర మాత్రమే) ఒక్కటే పెట్టి, దాని వెనక నిజంగా రాసే లాగ్‌బ్యాక్ లాంటిది జోడించకపోతే, మొదట్లో ఒక హెచ్చరిక చూపించి ఆ తర్వాత రాసినదంతా వదిలేస్తుంది.

లాగ్ లైన్లో ఏం రాయాలో మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. మొదటి ఉద్యోగంలో నేనూ ఇలాంటి ప్రోగ్రామే రాశాను. లైన్లో మెసేజ్ ఒక్కటే ఉండేది. ఒక రాత్రి సర్వర్ ఆగి మళ్లీ లేచాక కొన్ని లైన్లు రెండేసి సార్లు కనిపించాయి. పంపినవాళ్లే రెండుసార్లు పంపారా, నేనే రెండుసార్లు చదివానా? తెల్లారేదాకా కూర్చున్నా తేలలేదు. ప్రతి లైన్లో మెసేజ్‌తో పాటు టాపిక్, పార్టిషన్ (టాపిక్‌లోని ఒక భాగం), ఆఫ్‌సెట్ (ఆ భాగంలో మెసేజ్ వరుస నంబర్) రాసి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. ఆ మూడూ ఒకటే అయితే చదివింది మనమే. ఆఫ్‌సెట్ వేరైతే పంపిందే రెండుసార్లు.

ఆటో కమిట్ కూడా ఆపేయండి. పోల్‌లో (కాఫ్కాను మెసేజ్‌లు అడిగే పిలుపులో) వచ్చినవన్నీ లాగ్‌లో రాశాకే, చదివిన చోటును గుర్తు పెట్టే 'కమిట్‌సింక్' పిలవండి. మధ్యలో ప్రోగ్రామ్ పడిపోతే కొన్ని మెసేజ్‌లు రెండోసారి వస్తాయి, అంతే. కమిట్ ముందు చేసి తర్వాత రాస్తే మాత్రం కొన్ని లాగ్‌లోకి రాకుండానే పోతాయి.

ప్రోగ్రామ్ ఆపేటప్పుడు షట్‌డౌన్ హుక్ (ప్రోగ్రామ్ ఆగేముందు జావా నడిపే కోడ్)లోంచి, ఎదురుచూస్తున్న పోల్‌ను ఆపే 'వేకప్' పిలిచి, ఫైనలీ బ్లాక్‌లో కన్స్యూమర్‌ను క్లోజ్ చేయండి. ఆ హుక్ నడిచేది వేరే థ్రెడ్‌లో, కన్స్యూమర్‌పై వేరే థ్రెడ్ నుంచి ధైర్యంగా పిలవగలిగేది ఆ 'వేకప్' ఒక్కటే. క్లోజ్ చేయకుండా పోతే, మీరు వెళ్లిపోయారని గ్రూప్‌కి తెలియడానికి కొత్త వెర్షన్లలో 45 సెకన్ల దాకా పడుతుంది. అందాకా మళ్లీ మొదలుపెట్టిన ప్రోగ్రామ్‌కు మెసేజ్‌లు రాకపోవచ్చు. అది చూసి మళ్లీ కంగారు పడకండి.