ఒక ఆదివారపు సాక్సోఫోన్: తమ్ముడి కొడుక్కి పెదనాన్న లేఖ

కాకినాడ

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అమెరికా జాజ్ సాక్సోఫోన్ విద్వాంసుడు సోనీ రోలిన్స్ న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో వాయించిన ఆ రికార్డు, 2024లో మూడు ఎల్‌పీల (పెద్ద గ్రామఫోన్ పళ్ళేల) పెట్టెగా వచ్చినది, కొన్నావనీ, రాత్రి పన్నెండు దాటినా ఆపలేకపోతున్నావనీ చదివి చాలా సంతోషించాను. అదే ఉత్తరంలో మరి రెండు సంగతులు రాశావు. ఒకటి, అసలు మొదటి ముద్రణ ప్రతి కోసం రెండు నెలల జీతం పెట్టడానికి సిద్ధపడుతున్నావని. రెండవది, రోలిన్స్ గొప్పా, అదే కాలపు మరో సాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ గొప్పా అన్న వాదంలో పడి ఒక స్నేహితుడితో మాటలు మానేశావని. ఈ రెండింటికీ నా జవాబు ఉన్నది గానీ, అంతకంటే ముందు నీవు అడగని విషయం ఒకటి చెప్పాలి. నీవు ఆ పెట్టెను ప్రేమిస్తున్నావు, ఆ మనిషిని ప్రేమిస్తున్నావు. ఆ రోజున ఆ గదిలో జరిగినదాన్ని ఇంకా పూర్తిగా విన్నట్టు మాత్రం నాకు తోచలేదు. ఉత్తరం నాలుగు పేజీలు ఉన్నా అందులో డబుల్ బేస్ (మనిషంత ఎత్తుండే, మంద్ర స్వరాల తంత్రీ వాద్యం) వాయించినవారి పేరు ఒక్కసారి కూడా రాలేదు.

నాకు ఆ సంగీతం ఎలా చేరిందో చెబితే నా సలహా ఎక్కడి నుంచి వస్తున్నదో నీకు తెలుస్తుంది. 1980లలో నేను విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నప్పుడు, సహోద్యోగి ఒకాయన తన బావమరిది అమెరికా నుంచి తెచ్చిన క్యాసెట్ ఒకటి నాకు ఇచ్చాడు. దాని మీద చీటీ లేదు. ఎవరు వాయించారో, ఏ ఊళ్ళో వాయించారో, ఆ ఆరు రచనల పేర్లేమిటో తెలియదు. వినబడినదల్లా ఒక సాక్సోఫోన్, ఒక బేస్, డ్రమ్స్, మధ్యలో కొద్దిపాటి చప్పట్లు. రెండేళ్ళ పాటు అలాగే విన్నాను. కొన్ని నెలలయ్యాక ఒక రచనలో మాత్రం డ్రమ్స్ తీరు వేరుగా ఉన్నదనీ, బేస్ నడక కూడా మారిందనీ అనిపించడం మొదలైంది. నా భ్రమ అనుకున్నాను. చాలా కాలానికి అసలు అట్ట చూసే అవకాశం వచ్చినప్పుడు, ఆరింటిలో ఒకటైన ‘ఎ నైట్ ఇన్ టునీషియా’ ఒక్కటే మధ్యాహ్నం వేరే వాద్యగాళ్ళతో రికార్డయిందనీ, మిగిలిన అయిదూ సాయంత్రంవనీ దాని మీద రాసి ఉన్నది. చీటీ లేని ఆ క్యాసెట్టు నాకు చేసిన మేలు తరవాత నేను కొన్న ఏ ఖరీదైన ప్రతీ చేయలేదు.

అందుకని మొదట ఆ రోజును తెలుసుకో. అది 1957 నవంబరు 3, ఆదివారం. న్యూయార్క్‌లో గ్రీనిచ్ విలేజ్ ప్రాంతంలో, సెవెంత్ అవెన్యూ సౌత్ మీద, నేలమాళిగలో ఉన్న చిన్న క్లబ్బు అది. 1935లో మాక్స్ గోర్డన్ అనే ఆయన ప్రారంభించిన ఆ చోట తొలినాళ్ళలో కవిత్వం చదివేవారు, జానపదాలు పాడేవారు. జాజ్ పూర్తిగా తరవాత వచ్చి స్థిరపడింది. హార్లెంలో పుట్టిన రోలిన్స్‌కు అప్పటికి 27 ఏళ్ళు. మధ్యాహ్నపు కచేరీలో ఆయన పక్కన డొనాల్డ్ బెయిలీ బేస్ మీద, పీట్ లా రోకా డ్రమ్స్ మీద ఉన్నారు. సాయంత్రం ఆ స్థానాలలో విల్బర్ వేర్, ఎల్విన్ జోన్స్ వచ్చారు. బ్లూ నోట్ అనే రికార్డుల సంస్థ తరఫున ఆల్‌ఫ్రెడ్ లయన్ ఆ రికార్డును నిర్మించగా, రూడీ వాన్ గెల్డర్ తన యంత్రాలను మోసుకువచ్చి శబ్దాన్ని పట్టాడు. వాన్ గెల్డర్‌కు అప్పటికి పగటి వృత్తి కళ్ళజోళ్ళ కోసం కళ్ళు పరీక్షించడం. న్యూజెర్సీలో తల్లిదండ్రుల ఇంటి ముందుగదే ఆయన స్టూడియో. వాన్‌గార్డ్‌లో జరిగిన కచేరీ రికార్డుగా రావడం అదే మొదలు. 1961లో పియానో విద్వాంసుడు బిల్ ఎవాన్స్, కోల్ట్రేన్ అక్కడ చేసిన రికార్డులు దాని వెనకవే.

ఇక వినడం. మొదటి వారమంతా సాక్సోఫోన్‌ను పట్టించుకోకుండా బేస్ ఒక్కదాన్నే విను. ఇది కష్టమైన పని; రోలిన్స్ శబ్దం ఎంత పెద్దదంటే చెవి దానివైపే లాగుతుంది. అయినా విల్బర్ వేర్‌ను వెంబడించు. ఆయన ఎక్కువ స్వరాలు వాయించడు, కింది స్థాయిలోనే తిరుగుతాడు, ఉన్నట్టుండి ఒకే స్వరాన్ని మళ్ళీ మళ్ళీ కొట్టి ఆగుతాడు; ఆ ఆగడంలో రోలిన్స్‌కు చోటు దొరుకుతుంది. రెండవ వారం ఎల్విన్ జోన్స్. తరవాత కాలంలో కోల్ట్రేన్ బృందంలో పేరు మోసిన ఆ డ్రమ్మర్ ఇక్కడ ఇంకా తన దారి వెతుక్కుంటున్నాడు, కానీ చేతులలోని ఆ సుడి అప్పటికే ఉన్నది. మూడవ వారం వరకు సాక్సోఫోన్ దగ్గరకు రావద్దు. వచ్చినప్పుడు నీకు వేరే రికార్డు విన్నట్టు ఉంటుంది.

లెక్క పెట్టడం నేర్చుకో. రోలిన్స్ సొంత రచన ‘సానీమూన్ ఫర్ టూ’తో మొదలుపెట్టు, ఎందుకంటే అది పన్నెండు బార్ల (లయలోని సమాన ఖండాల) బ్లూస్ అనే పాటల బాణీ, బారుకు నాలుగు దెబ్బలు, అంటే చుట్టుకు 48. మన ఆదితాళం ఎనిమిది గనుక సరిగ్గా ఆరు ఆవర్తనాలు. పైగా పల్లవిలాంటి ఆ ప్రధాన వరుస నాలుగు బార్లది. అదే మూడుసార్లు వస్తుంది. కాబట్టి రెండేసి ఆవర్తనాలకు ఒకసారి అది మళ్ళీ ఎత్తుకుంటుంది. నీకు చిన్నప్పుడు అమ్మమ్మగారింట్లో రెండేళ్ళు సంగీతం చెప్పించారు కదా, తాళం వేయడం మరిచిపోయి ఉండవు. అయితే ఒక్క హెచ్చరిక: మన చేయి మొదటి దెబ్బ మీద బరువు వేస్తుంది, ఇక్కడ డ్రమ్మర్ కాలితో తొక్కే జంట తాళాలు రెండవ, నాలుగవ దెబ్బల మీద పలుకుతాయి. ఆదితాళంలో అవి చిటికెన వేలు మీద, మధ్య వేలు మీద, ఆ పైన చేయి తిప్పి వేసే రెండు చోట్లా పడతాయి. నీ చేయి అక్కడ బరువు వేయడం అలవాటు చేసుకున్న రోజున ఊపు ఎక్కడ నుంచి వస్తున్నదో నీ ఒంటికే తెలుస్తుంది. రోలిన్స్ ఎంత దూరం వెళ్ళినా చుట్టు ఎక్కడ ముగుస్తున్నదో నీకు తెలిసి ఉండడం చాలా ముఖ్యం. లేకపోతే ఆయన హద్దు దాటి వాయించి మళ్ళీ లోపలికి దిగే చమత్కారమంతా వృథా.

పియానో లేకపోవడం గురించి నీవు గొప్పగా రాశావు, కానీ అది ఎందుకు గొప్పో రాయలేదు. మామూలుగా పియానో వాయించేవారు స్వర సముదాయాలను, అంటే ఒకేసారి మోగే కొన్ని స్వరాలను, నిలువుగా పేర్చి, పాట ఇప్పుడు ఎక్కడ ఉన్నదో అందరికీ చెబుతూ ఉంటారు. ఆ చెప్పేవారు లేనప్పుడు సాక్సోఫోన్, బేస్ కలిసి ఆ నేలను సూచనగా చూపాలి, వినేవాడు తన మనసులో దాన్ని పూరించుకోవాలి. రోలిన్స్ అదే ఏడాది మార్చిలో లాస్ ఏంజెలెస్‌లో బేస్ మీద రే బ్రౌన్, డ్రమ్స్ మీద షెల్లీ మాన్‌లతో పియానో లేకుండా స్టూడియోలో ఒక రికార్డు చేశాడు; ఇక్కడ అదే సాహసాన్ని జనం ముందు చేశాడు. మనవాళ్ళకు ఇందులో ఒక సౌలభ్యమూ ఒక చిక్కూ ఉన్నాయి. ఒంటి రాగధార, కింద లయ, ఈ రెండే ఉన్న సంగీతం మన చెవికి పుట్టుకతోనే అలవాటు, కాబట్టి ఏదో లోటున్నదన్న భావన కలగదు. చిక్కేమిటంటే, మనం తెలియకుండానే కదలని శ్రుతి కోసం వెతుకుతాం. ఇక్కడ ఆధార స్వరమే బారు బారుకూ చోటు మారుతుంది. అదే స్వరం ఒక చోట విశ్రాంతి, మరో చోట ముల్లు. దాన్ని రాగంగా గుర్తించాలని ప్రయత్నించవద్దు. నేను ఆ పొరపాటులో ఒక సంవత్సరం పోగొట్టుకున్నాను. సాక్సోఫోన్ మీద కర్ణాటక సంగీతం వాయించిన కద్రి గోపాల్‌నాథ్ గారి కచేరీలు విన్నవాడిని కదా, సాక్సోఫోన్ అనగానే ఆల్టో అనే రకం మీద ఆయన పలికించిన గమకాలే నా చెవిలో ఉండేవి. ఇది టెనర్ రకం, ఇంకా లోతైన గొంతు, మరో భాష.

ఆ భాషకు మూలమైన పాటలను ముందు నేర్చుకో. మొదట్లో విడుదలైన ఎల్‌పీలోని ఆరింటిలో మూడు రంగస్థలం నుంచి వచ్చినవి: ‘సాఫ్ట్‌లీ, యాజ్ ఇన్ ఎ మార్నింగ్ సన్‌రైజ్’ 1928 నాటి సంగీత నాటకంలోది, ‘ఓల్డ్ డెవిల్ మూన్’ 1947 నాటిది, ‘ఐ కాంట్ గెట్ స్టార్టెడ్’ 1930లలోది. ఆ ఆదివారం అక్కడ కూర్చున్నవారికి అవి ఇంటి పాటలు. కీర్తన తెలియనివాడికి సంగతులు ఎలా రుచిస్తాయి? ఎవరైనా గాయకులు సూటిగా పాడినవి విని, నీవు స్నానం చేస్తూ పాడుకునేంత వరకు వచ్చి, ఆ తరవాత రోలిన్స్ దగ్గరకు వెళ్ళు. ఆయన పద్ధతి పాటలోని చిన్న ముక్కను పట్టుకుని, దాన్ని విరిచి, సాగదీసి, తలకిందులు చేసి, నవ్వుతూ మళ్ళీ నీ చేతిలో పెట్టడం. మన నెరవు లాంటిదని నేను అప్పుడప్పుడు అనుకుంటాను, కాకపోతే నెరవుకు సాహిత్యం ఆసరా ఉంటుంది, ఇక్కడ వరుస ఒక్కటే ఆసరా. ‘స్ట్రైవర్స్ రో’ది ఇంకో రకం. మరో సాక్సోఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ రచన ‘కన్ఫర్మేషన్’ స్వర సముదాయాల పునాది మీద రోలిన్స్ కొత్త వరుస కట్టాడు. పార్కర్‌ది విన్నాక దీన్ని విను, పాత ఇంటి గోడలు నీకే కనబడతాయి.

శబ్దం గురించి కూడా నీవు ఫిర్యాదు చేశావు: డ్రమ్స్ ఎడమ వైపు, బేస్ కుడి వైపు వినబడడం లేదని. అది మోనో రికార్డు నాయనా. అన్నీ ఒకే చోటు నుంచి వస్తాయి, ఆ గదిలోనూ దాదాపు అంతే. మా అబ్బాయి న్యూజెర్సీలో ఉన్నప్పుడు నేను ఒకసారి ఆ వాన్‌గార్డ్‌కు వెళ్ళాను. వీధి నుంచి నిటారుగా ఉన్న మెట్లు దిగితే ముక్కోణపు గది. 123 మందికి మించి పట్టరు. వేదిక ఆ కోణం కొసన ఉంటుంది, ముందు వరుసవారి మోకాళ్ళు డ్రమ్స్‌కు తగులుతాయేమో అన్నంత దగ్గర. కచేరీ నడుస్తుండగా ఎవరూ మాట్లాడరు. అప్పుడు నడిపిస్తున్నది గోర్డన్ గారి భార్య లొరెయిన్. ఆమె అంతకు ముందు ఆల్‌ఫ్రెడ్ లయన్ భార్య అన్న సంగతి తరవాత చదివి, ఈ రికార్డు ఒక విధంగా ఇంటి వ్యవహారమే కదా అని నవ్వుకున్నాను. ఆ గదిని చూశాక రికార్డులోని చప్పట్లు కొద్దిగానే ఎందుకు వినబడతాయో అర్థమైంది. కొద్దిమంది మనుషులు, దగ్గరగా కూర్చుని, ఒళ్ళంతా చెవి చేసుకుని విన్న సంగీతం అది. అందువల్ల ఇంట్లో అద్దాలు అదిరేలా పెట్టి వినవద్దు. ఒక మనిషి ఎదురుగా నిలబడి వాయిస్తే ఎంత వినబడుతుందో అంతే పెట్టు.

కోల్ట్రేన్ గొడవకు వస్తాను. 1956లో వారిద్దరూ ఒకే రికార్డు మీద పక్కపక్కన నిలబడి వాయించారు. వారి మధ్య ఉన్నది స్నేహం. నీవు ఆరాధించే రోలిన్స్ ఈ రికార్డు తరవాత రెండేళ్ళు తిరగకుండానే, ఇంత పేరు వచ్చాక కూడా, తన వాయింపు తనకు చాలడం లేదని 1959లో కచేరీలు మానేసి విలియమ్స్‌బర్గ్ వంతెన మీదకు వెళ్ళి గంటల తరబడి సాధన చేశాడు. 1961లో గానీ తిరిగి వేదిక ఎక్కలేదు. తన గురించి తానే అలా అనుకున్న మనిషి తరఫున నీవు స్నేహితుడితో మాటలు మానడం నాకు నవ్వు తెప్పిస్తున్నది. ఆ అబ్బాయికి ఈ వారమే ఫోన్ చేయి. అలాగే, 1960ల చివరలో రోలిన్స్ ముంబయి దగ్గర పొవయి ఆశ్రమంలో కొంత కాలం ఉన్న సంగతిని పట్టుకుని, మన యోగం వల్లే ఆయన వాద్యానికి ఆ శక్తి వచ్చిందని నీవు రాసిన వాక్యం కొట్టివేయి. ఈ రికార్డు అప్పటికి దాదాపు పదేళ్ళ కిందటే పూర్తయింది.

మొదటి ముద్రణ ప్రతి కొనవద్దు. అందులో ఉండేది ఆరు రచనలే, నీ దగ్గర ఉన్న పెట్టెలో ఆ ఆరూ ఉన్నాయి, తరవాత దశాబ్దాలలో బయటపడిన మిగతావీ ఉన్నాయి. నా వెర్రి రోజులలో ఒక దుకాణదారు మొదటి ముద్రణ అని చెబితే నమ్మి ఒక ప్రతి కొన్నాను; అది తరవాతి ముద్రణ అని తేలింది; దాన్ని కూడా మే నెలలో కిటికీ పక్కన ట్రంకు పెట్టె మీద మరిచిపోతే అప్పడంలా వంగింది. మన ఊళ్ళ ఎండలో రికార్డులను నిలువుగా, నీడలో, ఒత్తిడి లేకుండా పెట్టు. రికార్డు ప్లేయరు ముల్లును తరచుగా శుభ్రం చేయి. మిగిలిన డబ్బుతో ఒక మంచి స్పీకర్ల జత వస్తుంది.

చివరగా ఒక పని అప్పగిస్తున్నాను. నీ పెట్టెలో ‘టునీషియా’ రెండుసార్లు ఉన్నది, మధ్యాహ్నానిదొకటి, సాయంత్రానిదొకటి. ఆ స్నేహితుణ్ణే ఇంటికి పిలిచి, అట్ట నీకు కనబడకుండా, ఏది ముందో చెప్పకుండా రెండూ పెట్టమను. ఏది లా రోకా, ఏది ఎల్విన్, ఏ క్షణంలో నీకు తెలిసిందో కాగితం మీద రాసి నాకు పంపు. నేను నా జవాబు ఒక కవరులో పెట్టి అంటించి బీరువాలో దాచాను. సంక్రాంతికి వచ్చినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. మరదలిని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న