పాసిపోయిన అన్నాన్ని స్టేల్ అంటే సరిపోతుందా?

హోటల్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉందని, తిండి బాగాలేదని ఇంగ్లిష్‌లో చెప్పాలంటే బ్యాడ్, నాట్ గుడ్ తప్ప ఇంకో మాట రావట్లేదని అడిగారు. మాది దేవరకొండ దగ్గర పల్లె. దుబాయ్‌లో ఒక హోటల్లో ఆరేళ్లు సర్వీసులో చేశాను. అక్కడ నేర్చుకున్నవే చెప్తాను.

చేరిన మొదటి వారంలోనే ఒకాయన సోడా ఒక గుక్క తాగి, గ్లాసు పక్కకు జరిపి "ఇట్స్ ఫ్లాట్" అన్నాడు. చల్లగా లేదేమో అనుకుని ఐసు వేసి తెచ్చాను. ఆయన ముట్టలేదు. అచ్చంపేట నుంచి వచ్చిన మా సీనియర్ గ్లాసు వంక చూసి, "బుడగ ఒక్కటన్నా ఉందా? గ్యాస్ పోయిందంటున్నడు తమ్మీ, కొత్త సీసా తెరువు" అన్నాడు. అదే రోజు జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని మాటలు రాసుకోవడం మొదలుపెట్టాను.

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది స్టేల్ దగ్గర. పాసిపోయిన అన్నానికి అదే వాడేస్తాం. వాళ్ల వాడుకలో స్టేల్ అంటే ముఖ్యంగా తాజాదనం పోయిందని. గట్టిపడిన బ్రెడ్డు స్టేల్. మూత సరిగా పెట్టక మెత్తబడ్డ సకినాలూ స్టేలే. జిగురొచ్చి వాసన కొడుతున్న అన్నాన్ని మాత్రం గాన్ ఆఫ్ అనాలి, అమెరికా వాళ్లతో అయితే స్పాయిల్డ్. స్టేల్ అంటే వంటవాడు ఆ ముక్క మార్చి ఇస్తాడు, గాన్ ఆఫ్ అంటే గిన్నె మొత్తం పారబోస్తాడు. అందుకే ఈ రెండూ కలపొద్దు.

నూనె, పల్లీలు ముక్కిపోతే రాన్సిడ్. కొవ్వు గాలి తగిలి మారిపోతే వచ్చే వాసన అది, కాబట్టి అన్నానికి వాడరు. పాలు విరిగితే కర్డిల్డ్, బూజు పడితే మోల్డీ, చప్పగా ఉంటే బ్లాండ్, చిమిడిన అన్నం మషీ, సాంబారులో నాని మెత్తబడ్డ వడ సాగీ.

నీళ్ల సంగతి నాకు ముఖ్యం. బోరు నీళ్లు నోట్లో పోసుకోగానే ఉప్పగా తగిలితే బ్రాకిష్ అంటారు: సముద్రపు నీళ్లంత ఉప్పూ కాదు, మంచినీళ్లూ కాదు. మన నల్గొండ ఫ్లోరైడ్‌కు ఈ మాట పనికిరాదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటినా ఫ్లోరైడ్ నాలుకకు తెలియదు. మా ఊళ్లో కాళ్లు వంకరపోయిన పెద్దలు ఆ నీళ్లను ఏ తేడా తెలియకనే ఏళ్ల తరబడి తాగారు. ఇంటర్వ్యూలో ఎవరైనా మీ ఊరి ఫ్లోరైడ్ నీళ్ల గురించి అడిగితే బ్యాడ్ టేస్ట్ అనకండి, హై ఇన్ ఫ్లోరైడ్ అనండి.

ఇంకోటి, డిస్గస్టింగ్ అన్న మాట గెస్టు అంటే వినండి గానీ మీరు అనకండి. "ద మిల్క్ స్మెల్స్ అ బిట్ ఆఫ్" అంటే చాలు, లోపల పాలు మార్చేస్తారు.